ఒంటరి కలానికి పాఠకుడే పెట్టుబడి

మోవా (రాయ్‌పూర్): సొంత పత్రిక పెట్టాలన్న కోరికకు ఈ దేశంలో ఏనాడూ కొరత లేదు. ఆ పత్రికను నాలుగో ఏట కూడా నడపగలగడంలోనే కొరత అంతా. అచ్చు యంత్రం ఉన్న కాలంలోనూ, అరచేతిలో ఫోను ఉన్న ఈ కాలంలోనూ ఏ సంస్థ అండా లేకుండా ఒక్కరే రాసి, ఒక్కరే దిద్ది, ఒక్కరే ప్రచురించే రచయితలు మన మధ్య పుడుతూనే ఉన్నారు. వారిలో నిలిచినవారు కొద్దిమందే. నిలిచినవారిని, నిలవలేకపోయినవారిని పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ప్రతిభలో కంటే పాఠకులతో కుదిరిన సంబంధంలోనే ఎక్కువగా కనిపిస్తుంది.

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌లో బలౌదా బజార్ రోడ్డుపై ఉన్న మోవా ఒకప్పుడు విడి గ్రామం. నగరం పెరిగి దాన్ని తనలో కలుపుకొంది. ఇలాంటి పేటలో చిన్న గదిలో కూర్చుని రాసేవారికి ఇవాళ కాగితం, సిరా, తపాలా బిళ్లల ఖర్చు లేదు. రాసిన క్షణంలోనే విశాఖపట్నంలోని పాఠకుడికీ, విదేశాల్లోని తెలుగువాడికీ అది చేరుతుంది. నూరేళ్ల క్రితం సంపాదకులు కలలో కూడా ఊహించని సౌకర్యమిది. అయినా నాటి సంపాదకులను కుంగదీసిన ప్రశ్న నేటికీ తీరలేదు. రాసేవాడి పూట గడిచేది ఎలా?

పెండ్రా నేర్పిన పాఠం

ఈ ప్రశ్నకు ఛత్తీస్‌గఢ్ నేలమీదే ఒక తొలి ఉదాహరణ ఉంది. 1871 జూన్ 19న నేటి మధ్యప్రదేశ్‌లోని దమోహ్ జిల్లా పథరియాలో జన్మించిన మాధవరావు సప్రే మాతృభాష మరాఠీ. ఆయన కలం పట్టింది హిందీలో. ఛత్తీస్‌గఢ్ ప్రాంతం నుంచి చెప్పుకోదగ్గ పత్రిక ఒక్కటీ లేదన్న లోటు తీర్చడానికి ఆయన 1900 జనవరిలో పెండ్రా నుంచి ‘ఛత్తీస్‌గఢ్ మిత్ర’ అనే మాసపత్రికను ఆరంభించారు. పెండ్రా నాటికి చిన్న జమీందారీ గ్రామం. అక్కడి జమీందారు కుటుంబంలోని పిల్లలకు చదువు చెప్పే కొలువే ఆయన జీవనాధారం. సంపాదకత్వంలో రామ్‌రావ్ చించోల్కర్, ప్రచురణ భారంలో వామన్ బళీరామ్ లాఖే తోడుగా నిలిచారు. రచనలో సింహభాగం మాత్రం సప్రేదే.

రాసే చోటు ఒకటి, అచ్చు వేసే చోటు మరొకటి కావడం నాటి చిన్న పత్రికలన్నిటికీ ఉన్న కష్టమే. ‘ఛత్తీస్‌గఢ్ మిత్ర’ తొలుత రాయ్‌పూర్‌లోనూ, తరువాత నాగపూర్‌లోనూ అచ్చయింది. పుస్తక సమీక్షను హిందీలో ఒక గంభీరమైన ప్రక్రియగా నిలబెట్టిన పత్రికల్లో ఇది ముందు వరుసలో ఉంటుంది. హిందీలో తొలి కథల్లో ఒకటిగా విమర్శకులు లెక్కించే ‘ఏక్ టోకరీ భర్ మిట్టీ’ 1901లో ఈ పత్రికలోనే వెలువడింది. ఇంతటి పేరున్నా పత్రిక ఆయుర్దాయం మూడేళ్లే. నష్టాలు భరించలేక 1902 డిసెంబరుతో ఆగిపోయింది.

ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటుంది. ఆ పత్రికను ఏ ప్రభుత్వమూ నిషేధించలేదు. రచనలో సత్తువ తగ్గిందని కూడా ఎవరూ అనలేదు. ఆదరించేవారు ఉన్నారు గానీ ఖర్చుకు సరిపడేంత ఆదాయం లేదు. మెచ్చుకోలుకూ చందాకూ మధ్య ఉన్న ఈ దూరమే నేటికీ ఒంటరి రచయితకు అసలు సమస్య. ఆ దెబ్బతో సప్రే కలం వదలలేదు. 1907లో నాగపూర్ నుంచి తిలక్ ఆలోచనలకు వాహికగా ‘హిందీ కేసరి’ని నడిపి, 1908లో రాజద్రోహ నేరం కింద అరెస్టయ్యారు. తిలక్ ‘గీతా రహస్యం’ను హిందీలోకి అనువదించారు. 1926 ఏప్రిల్ 23న రాయ్‌పూర్‌లోనే కన్నుమూశారు.

తెలుగునాట తొలి బాటసారులు

తెలుగునాట ఈ బాటను అంతకు పాతికేళ్ల ముందే కందుకూరి వీరేశలింగం తొక్కారు. ఉపాధ్యాయ వృత్తిలో ఉంటూనే 1874లో ‘వివేకవర్ధని’ని ఆరంభించారు. తొలి సంచికలు దూరాన మద్రాసులో అచ్చయ్యేవి. రాతప్రతి వెళ్లి, అచ్చయి, తిరిగి రావడానికి పట్టే ఆలస్యాన్ని తప్పించుకోవడానికి మిత్రుల సాయంతో రాజమండ్రిలోనే ముద్రణాలయం ఏర్పాటు చేసుకున్నారు. న్యాయస్థానాల్లోనూ కచేరీల్లోనూ సాగే లంచగొండితనాన్ని ఆ పత్రిక పేర్లు దాచకుండా బయటపెట్టగలిగిందంటే సొంత అచ్చు యంత్రం ఇచ్చిన ధైర్యం కూడా అందుకు ఒక కారణం. ఇతరుల యంత్రంపై ఆధారపడిన సంపాదకుడు ఆ యజమాని భయాలను కూడా తన భయాలుగా మోయవలసి వస్తుంది.

సురవరం ప్రతాపరెడ్డి హైదరాబాదులో 1926 మే 10న ఆరంభించిన ‘గోలకొండ పత్రిక’ మరో పాఠం నేర్పింది. తెలంగాణలో తెలుగు కవులు లేరన్న మాటకు ఆయన వాదంతో కాక ఆధారంతో బదులు చెప్పారు. 354 మంది కవుల రచనలు సేకరించి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను ప్రచురించారు. మారుమూల గ్రామాల్లోని రచయితలు ఆ పత్రికను తమదిగా భావించారు. తన పాఠకులెవరో, ఎక్కడున్నారో, వారికి ఏమి కావాలో ఎరిగిన సంపాదకుడికి ప్రచారం వేరే అక్కరలేదని ఆ సంచిక రుజువు చేసింది.

లిపి వచ్చింది, చోటు దొరికింది

శతాబ్దం మారేసరికి పరిస్థితి తలకిందులైంది. కంప్యూటరులో తెలుగు అక్షరాలకు అంతర్జాతీయ ప్రమాణమైన యూనికోడ్‌లో 1991 నాటికే స్థానం దక్కినా, సామాన్యుడికి అది అందడానికి పదేళ్లు పట్టింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ తనతో పాటు ‘గౌతమి’ అనే తెలుగు ఖతిని తీసుకువచ్చింది. అంతవరకు ఏ పత్రిక అక్షరాలు ఆ పత్రికవే. ఒకరి కంప్యూటరులో రాసింది మరొకరి తెరపై గీతలుగా కనిపించేది. 2006లో వీవెన్ పేరుతో తెలుగువారికి పరిచితులైన సాంకేతిక కార్యకర్త రూపొందించిన ‘లేఖిని’ ఇంగ్లీషు మీటలతోనే తెలుగు రాసే వీలు కల్పించింది. అదే కాలంలో ఆయన నిర్మించిన ‘కూడలి’ ఎవరెవరు ఎక్కడ కొత్తగా ఏమి రాశారో ఒక్కచోట చూపింది. రాయడానికి సాధనం, పాఠకుడు వచ్చి చేరడానికి కూడలి రెండూ ఒకేసారి సమకూరడంతో తెలుగు బ్లాగులు వెల్లువెత్తాయి.

అంతకు ముందే ఒంటరిగా దారి వేసుకున్నవారు లేకపోలేదు. అమెరికాలో స్థిరపడిన కథారచయిత్రి నిడదవోలు మాలతి 2001లో ‘తూలిక’ను ఆరంభించారు. తెలుగు కథలను ఇంగ్లీషు పాఠకులకు అందించడమే దాని ఏకైక లక్ష్యం. కథల ఎంపిక, అనువాదం, వ్యాసం, నిర్వహణ అన్నీ ప్రధానంగా ఆమె చేతిమీదుగానే సాగాయి. 2007లో తెలుగు రచనల కోసం ‘తెలుగు తూలిక’ను ప్రత్యేకంగా నెలకొల్పారు. ఆమె అనువదించిన కథలు ఆ తరువాత పుస్తక సంకలనాలుగానూ వచ్చాయి. తెరమీద పుట్టిన రచనకు అచ్చులో గౌరవం దక్కడానికి కారణం ఒక్కటే: ఏళ్ల తరబడి దారి తప్పకుండా ఒకే పనిని కొనసాగించడం.

ఛత్తీస్‌గఢ్ వైపు చూస్తే, రాజనాంద్‌గావ్‌లో జన్మించిన రవిశంకర్ శ్రీవాస్తవ ‘రవి రత్లామీ’ పేరుతో హిందీ బ్లాగులకు తొలితరం పెద్దగా నిలిచారు. విద్యుత్ బోర్డు ఉద్యోగం నుంచి స్వచ్ఛందంగా విరమించుకుని కంప్యూటరును హిందీలోకి తెచ్చే పనికి అంకితమయ్యారు. 2004లో మొదలైన ఆయన బ్లాగు సాంకేతిక విషయాలను సామాన్యుడి హిందీలో చెప్పి పేరు తెచ్చుకుంది. ‘రచనాకార్’ అనే అంతర్జాల సాహిత్య పత్రికనూ నడిపారు. ఛత్తీస్‌గఢీ భాషలో కంప్యూటర్ నిర్వహణ వ్యవస్థను తీసుకురావడంలో చేసిన కృషికి 2009లో మంథన్ పురస్కారం లభించింది. పెద్ద సంస్థలు లాభం లేదని వదిలేసిన భాషకు ఒక వ్యక్తి చేయగల మేలు ఎంతటిదో చెప్పడానికి ఈ ఉదాహరణ చాలు.

ఆలస్యంగా వచ్చిన కాలువ

ఇంత ఉత్సాహం మధ్య ఒక లోపం ఎవరి దృష్టికీ వెంటనే రాలేదు. పొలం దున్నారు, విత్తనం చల్లారు. నీరు మాత్రం రాలేదు. గూగుల్ సంస్థ చిన్న ప్రచురణకర్తలకు ప్రకటనల ఆదాయం పంచే ‘యాడ్‌సెన్స్’ను 2003లోనే ప్రవేశపెట్టింది. అందులో హిందీకి గుర్తింపు లభించింది 2014 చివరిలో. తెలుగుకు లభించింది 2018లో. తెలుగు బ్లాగులు కళకళలాడిన కాలమంతా వాటికి ప్రకటనల మార్గం లాంఛనంగా తెరుచుకోనే లేదన్నమాట. ఫోను ద్వారా పైసా ఖర్చు లేకుండా డబ్బు పంపే యూపీఐ 2016లో గానీ రాలేదు. పాఠకుడు పది రూపాయలు ఇవ్వదలచినా ఇచ్చే సులువైన దారి ఉండేది కాదు. రెండు కాలువలూ వచ్చేనాటికి రాసేవారిలో చాలామంది ఫేస్‌బుక్ వంటి సామాజిక మాధ్యమాలకు తరలిపోయారు. తెలుగు బ్లాగుల వెనుకబాటుకు రచయితల బద్ధకమే కారణమని సులువుగా తేల్చేసేవారు ఈ తేదీలను ఒకసారి పరిశీలించడం అవసరం.

ఇప్పుడు కాలువలు ఉన్నాయి. వాటిలో ఏది ఎంత పారుతుందన్నదే ప్రశ్న.

ప్రకటనల లెక్క ముందుగా చూద్దాం. ఉదాహరణకు ఒక తెలుగు వ్యాసం వేయిసార్లు తెరిస్తే రచయితకు 50 రూపాయలు వస్తాయనుకుందాం. నెలకు 50 వేలసార్లు తెరిచినా చేతికి వచ్చేది 2,500 రూపాయలు. ఖాతాలో 100 డాలర్లు పోగయ్యేదాకా ఆ డబ్బు చేతికే రాదు. ఈ లెక్కన బతకాలంటే నెలకు పది లక్షల చూపులు కావాలి. ఆ సంఖ్య కోసం పరుగెత్తేవాడు అనివార్యంగా సంచలనాల వైపు, సినిమా వదంతుల వైపు మళ్లుతాడు. ప్రకటనలపై ఆధారపడిన ఒంటరి రచయిత చివరికి ఒంటరిగానూ మిగలడు, స్వతంత్రుడిగానూ మిగలడు.

చందాల లెక్క వేరు. అమెరికా రచయిత కెవిన్ కెల్లీ 2008లో ఒక వ్యాసంలో దీన్ని సూత్రీకరించారు. సృజనకారుడికి లక్షలాది అభిమానులు అక్కరలేదని, ఏటా వంద డాలర్లు వెచ్చించే వేయిమంది నిజమైన అభిమానులు ఉంటే చాలునని ఆయన వాదన. తైవాన్ రాజధాని తైపేలో ఏళ్ల తరబడి నివసించిన బెన్ థాంప్సన్ అనే రచయిత 2013లో ‘స్ట్రాటెకరీ’ పేరిట సాంకేతిక రంగ వ్యాపారంపై ఒంటరిగా రాయడం ప్రారంభించారు. మరుసటి ఏడాదే చందా పెట్టి దాన్నే పూర్తికాల జీవనోపాధిగా మలచుకున్నారు. అమెరికా సాంకేతిక రంగంపై రాయడానికి అమెరికాలోనే ఉండనవసరం లేకపోయింది. రచయిత నివాసం మోవా అయినా తైపే అయినా పాఠకుడికి పట్టదని, తనకు ఉపయోగపడే విషయం క్రమం తప్పకుండా అందిందా లేదా అన్నదే ముఖ్యమని దీనివల్ల తేలుతోంది.

డాలర్లను యథాతథంగా రూపాయల్లోకి మార్చడం కుదరదు. తెలుగు పాఠకుడి స్తోమతకు తగ్గట్టు ఏడాదికి 600 రూపాయల చందా అనుకుందాం. 500 మంది చేరితే ఏడాదికి 3 లక్షల రూపాయలు, నెలకు 25 వేలు. విదేశీ చందా వేదికల్లో ఒకటైన సబ్‌స్టాక్ పదో వంతు కమీషన్ తీసుకుంటుంది. చెల్లింపుల ఖర్చు దానికి అదనం. యూపీఐ ద్వారా నేరుగా తీసుకుంటే ఆ కోత ఉండదు గానీ చందాదారుల పట్టిక, గడువు తేదీల లెక్క రచయితే రాసుకోవాలి. చదివేవారిలో నూటికి ఐదుగురు డబ్బు చెల్లిస్తారనుకున్నా 500 మంది చందాదారుల వెనుక పదివేల మంది నిత్య పాఠకులు ఉండాలి. పదివేలమందిని కూడగట్టడం ఒక్క నెలలో అయ్యే పని కాదు. రెండు మూడేళ్ల నిదానం కావాలి. అందుకే చేతిలోని ఉద్యోగాన్ని మొదటిరోజే వదులుకోవడం తెలివైన పని అనిపించుకోదు. వీరేశలింగం బడిపంతులుగా ఉంటూనే పత్రిక నడిపారన్నది మరువరాదు.

పన్నుల విషయంలోనూ కొంత ఎరుక అవసరం. సేవల ద్వారా వచ్చే వార్షిక రాబడి 20 లక్షల రూపాయలు దాటనంతవరకు సాధారణంగా జీఎస్టీ నమోదు తప్పనిసరి కాదు. ఆదాయపు పన్ను లెక్క మాత్రం చందా అయినా, ప్రకటన అయినా, విరాళం అయినా చూపవలసిందే.

అద్దె ఇల్లు, సొంత చిరునామా

వీరేశలింగం సొంత ముద్రణాలయం పెట్టుకోవడంలో ఉన్న విజ్ఞత నేటి రచయితలకూ వర్తిస్తుంది. జియోసిటీస్ 2009లో మూతపడింది. కొత్త రచనలను పాఠకుడి ముందుకు చేర్చిన గూగుల్ రీడర్ 2013 జూలైలో ఆగిపోయింది. గూగుల్ ప్లస్ 2019లో కనుమరుగైంది. 2020 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించడంతో దానిపైనే పేరు సంపాదించుకున్నవారు ఒక్క రాత్రిలో ప్రేక్షకులను పోగొట్టుకున్నారు. ఇతరుల వేదికపై కట్టిన పేరు అద్దె ఇంటికి వేసిన సున్నం వంటిది. ఇంటి యజమాని ఖాళీ చేయమన్ననాడు గోడలను మోసుకుపోవడం సాధ్యం కాదు.

దీనికి విరుగుడు ఖరీదైనదేమీ కాదు. సొంత పేరుతో ఒక అంతర్జాల చిరునామాకు ఏడాదికి సాధారణంగా వెయ్యి రూపాయల పైచిలుకు ఖర్చవుతుంది. రచనలన్నిటి ప్రతి ఒకటి తన దగ్గర భద్రపరచుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, పాఠకులు ఇష్టపూర్వకంగా ఇచ్చిన ఈ-మెయిల్ చిరునామాల పట్టిక. ఏ వేదిక మూతపడినా ఆ పట్టిక ఉన్న రచయిత మరునాడే మరోచోట నుంచి పాఠకుడిని పలకరించగలడు. పాత పత్రికా కార్యాలయాల్లోని చందాదారుల రిజిస్టరుకు ఇది వారసురాలు. ఆ చిరునామాలను ఇతరులకు ఇవ్వకుండా కాపాడటం మర్యాద మాత్రమే కాదు, 2023 నాటి వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం తరువాత బాధ్యత కూడా.

ఇటీవలి మార్పు మరొకటి ఈ అవసరాన్ని మరింత పెంచింది. గూగుల్ 2024 ఆగస్టులో భారత్‌లో ఇంగ్లీషు, హిందీ భాషల్లో కృత్రిమ మేధతో తయారైన సంగ్రహ సమాధానాలను వెతుకులాట ఫలితాలకు పైన చూపడం మొదలుపెట్టింది. ప్రశ్నకు బదులు అక్కడే దొరికితే పాఠకుడు రచయిత గుమ్మం దాకా రానక్కరలేదు. అందరికీ తెలిసిన సమాచారాన్ని తిరిగి రాసేవారికి ఇది గట్టి దెబ్బే. స్వయంగా వెళ్లి చూసి, కాగితాలు తిరగేసి, లెక్క కట్టి రాసినదానికి మాత్రం ఇంకా విలువ ఉంది. యంత్రం సంగ్రహించడానికైనా ముందు ఎవరో ఒకరు చూసి రావాలి కదా!

ఎంచుకోవలసిన పొలం

అన్ని విషయాలపైనా రాసేవాడికి పెద్ద దినపత్రికలతో పోటీ తప్పదు. ఒక్క విషయాన్ని లోతుగా దున్నేవాడికి ఆ బెడద తక్కువ. రాయ్‌పూర్ నుంచి రాయదలచిన తెలుగు రచయితకు విషయాలు వెతుక్కోవలసిన పని లేదు. రాయ్‌పూర్-విశాఖపట్నం మధ్య ఆరు వరుసల రహదారి ప్రణాళికే ఉంది. ఛత్తీస్‌గఢ్, ఒడిశా, ఆంధ్రప్రదేశ్‌ల మీదుగా సాగే 464 కిలోమీటర్ల ఈ దారి గనుల, ఉక్కు, ధాన్యపు సరకును రేవుకు చేర్చడానికి ఉద్దేశించింది. భూమి కోల్పోయిన రైతుకు ఎంత దక్కింది, రవాణా ఖర్చు ఎంత తగ్గుతుంది, దారి పొడవునా ఏ ఊళ్ల వ్యాపారం మారుతుంది అన్నవి మూడు రాష్ట్రాల ప్రజలకూ అవసరమైన విషయాలే.

ధాన్యం సంగతి మరొకటి. 2023-24లో సాధారణ రకం ధాన్యానికి కేంద్రం ప్రకటించిన కనీస మద్దతు ధర క్వింటాలుకు 2,183 రూపాయలు కాగా, ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం రైతుకు మొత్తం 3,100 రూపాయలు అందేలా చేసింది. ఆ తేడా సరిహద్దు జిల్లాల మార్కెట్లపై ఏ ప్రభావం చూపుతుందో ప్రతివారం శ్రద్ధగా రాసే కలానికి తెలంగాణలోనూ కోస్తాలోనూ పాఠకులు దొరకకపోరు. రైల్వే కొలువుల కోసం, భిలాయి ఉక్కు కర్మాగారం కోసం వచ్చి ఈ ప్రాంతంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎటూ ఉన్నాయి.

విషయం ఎంచుకున్నాక కావలసింది వేళ తప్పకపోవడం. వారానికి ఒక్క వ్యాసమైనా ఫలానా రోజున వస్తుందన్న నమ్మకం కలిగితే పాఠకుడు తానే వచ్చి తలుపు తడతాడు. వారంలో ఐదు రాసి, తరువాత రెండు నెలలు మౌనం వహించే కలాన్ని ఎవరూ గుర్తుంచుకోరు. పొరపాటు దొర్లితే అదే చోట, అంతే పెద్ద అక్షరాలతో దిద్దుకోవాలి. తప్పును పట్టి చూపేందుకు పక్క బల్లపై ఉపసంపాదకుడు లేని ఒంటరి రచయితకు ఆ పని చేసిపెట్టేది పాఠకుడే.

ఒంటరితనం వెల

ఇంతవరకు చెప్పుకున్నది రూపాయల లెక్క. ఒంటరి కలానికి మరో లెక్క కూడా ఉంది. తెలంగాణకు సరిహద్దున ఉన్న బీజాపూర్ జిల్లాలో ముకేశ్ చంద్రాకర్ అనే స్వతంత్ర పాత్రికేయుడు ‘బస్తర్ జంక్షన్’ పేరిట యూట్యూబ్ ఛానల్ నడిపేవారు. పెద్ద పత్రికల విలేఖరులు అరుదుగా చేరుకునే గ్రామాల వార్తలను ఆయన వెలుగులోకి తెచ్చారు. 2021 ఏప్రిల్‌లో మావోయిస్టుల చెరలో ఉన్న కోబ్రా జవాను రాకేశ్వర్ సింగ్ మన్‌హాస్ విడుదలకు తోడ్పడిన పాత్రికేయుల్లో ఆయన ఒకరు. 2025 జనవరి 1న కనిపించకుండా పోయిన ముకేశ్ మృతదేహం రెండు రోజుల తరువాత బీజాపూర్‌లోనే ఒక సెప్టిక్ ట్యాంకులో దొరికింది. రోడ్డు నిర్మాణ పనుల్లో అక్రమాలపై అంతకు ముందు వార్త వెలువడింది. ఈ కేసులో ప్రధాన నిందితుడిగా పేర్కొన్న కాంట్రాక్టరును పోలీసులు అదే నెలలో హైదరాబాద్‌లో అరెస్టు చేశారు.

పాత్రికేయుల రక్షణకు ఉద్దేశించిన బిల్లును ఛత్తీస్‌గఢ్ శాసనసభ 2023 మార్చిలోనే ఆమోదించిందన్నది ఇక్కడ గమనార్హం. చట్టం పుస్తకంలో ఉన్నంత మాత్రాన మారుమూల రోడ్డుపై కెమెరా పట్టుకున్న మనిషికి రక్షణ లభించదని ముకేశ్ మరణం చాటింది. అంతర్జాలంలో రాతలపై అరెస్టులకు దారితీసిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను సుప్రీం కోర్టు 2015 మార్చి 24న కొట్టివేసింది. పరువునష్టం మాత్రం భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద నేటికీ నేరమే. రెండేళ్ల దాకా శిక్ష పడవచ్చు. పెద్ద పత్రికకు న్యాయవాదులు ఉంటారు. ఒంటరి రచయిత నోటీసుకు బదులు తానే ఇవ్వాలి, కోర్టు మెట్లు తానే ఎక్కాలి.

అందుకే స్వతంత్ర రచన అంటే అందరితో తెగతెంపులు చేసుకోవడమని భావించడం ప్రమాదకరం. ప్రతి ఆరోపణకూ రాతపూర్వక ఆధారం దగ్గర ఉంచుకోవడం, అవతలివారి వివరణ అడిగి దాన్నీ ప్రచురించడం, దూరప్రాంతాలకు వెళ్లేటప్పుడు తోటి పాత్రికేయులకు చెప్పి వెళ్లడం, పాత్రికేయ సంఘాలతో సంబంధం తెంచుకోకపోవడం ఒంటరి కలానికి కవచం వంటివి. తన రచయిత ఒక వారం రాయకపోతే ఏమైందని ఆరా తీసే పాఠకవర్గం అన్నిటికంటే పెద్ద రక్షణ.

రెండువైపులా బాధ్యత

ఒకే మనిషి నడిపే పత్రిక విజయవంతం కావడానికి సూత్రాలు చెప్పమంటే చాలామంది శీర్షికలు ఎలా పెట్టాలో, ఏ వేళకు ప్రచురించాలో చెబుతారు. అవి పనికిరానివి కావు. అయితే అనుభవం చెప్పే మాట అంతకంటే సూటిగా ఉంది. రచయిత తన పొలం ఎంచుకోవాలి, తన చిరునామా తన చేతిలో ఉంచుకోవాలి, చెప్పిన వేళకు రాయాలి. ఆ తరువాతి వంతు పాఠకుడిది. చదివి మెచ్చుకోవడంతో తన పని ముగిసిందని అతడు అనుకున్నంతకాలం మంచి పత్రికలకు మూడేళ్ల ఆయుష్షే ఉంటుంది.

సప్రే కాలంలో చందా పంపాలంటే తపాలా కార్యాలయానికి వెళ్లి మనియార్డరు ఫారం నింపవలసి వచ్చేది. నేడు ఆ పనికి అర నిమిషం చాలు. రోజుకు రెండు రూపాయలైనా కాని ఆ మొత్తం రెండు టీలకు చాలదు. ఏ కాంట్రాక్టరుకూ, ఏ ప్రకటనదారుకూ తలవంచనక్కరలేని ఒక కలాన్ని ఏడాదిపాటు నిలబెట్టడానికి మాత్రం ఐదువందల మంది చేతుల మీదుగా అదే చాలుతుంది. 1902 డిసెంబరులో పెండ్రాలో కొరవడింది ఆ ఐదువందల చేతులే.